ఉచితంగా దొరికినదానికి మనం ఏమి బాకీ?



మీ ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో చివరిగా వచ్చిన ఫ్లయర్ ఒకసారి తెరిచి చూడండి. ఉపవాస ప్రార్థనదో, వీబీఎస్‌దో, క్రిస్మస్ ఆరాధనదో అయ్యుంటుంది. పైన ఒక వాక్యం, మధ్యలో దైవజనుల ఫోటో, కింద హాలు అడ్రసు, కారు ఎక్కడ పార్క్ చేయాలో ఒక చిన్న గమనిక. దాన్ని చేసిందెవరో మీకు తెలిసే ఉంటుంది. కానీ ఏ సాఫ్ట్‌వేర్‌తో చేశారు? దానికి డబ్బు ఎవరు కట్టారు? ఈ రెండు ప్రశ్నలు మన సంఘాల్లో దాదాపు ఎవరూ అడగరు.

అడిగితే వచ్చే జవాబులు సాధారణంగా నాలుగు. ఒకటి, ఆ తమ్ముడో చెల్లెలో నెలనెలా తన జేబులోంచి కడుతున్నారు, ఎవరికీ చెప్పలేదు. రెండు, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కంపెనీ లైసెన్సు ఉంది, దానిలోనే చేసేశారు. మూడు, ఇండియా వెళ్లినప్పుడు ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన కాపీ ఉంది, "అందరూ వాడేదేగా". నాలుగు, ఫోన్లో ఏదో ఉచిత యాప్ ఉంటే దానిలో సర్దుకున్నారు.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాణ్ని కాబట్టి నా దగ్గరకు తరచుగా వచ్చే మాట ఇది: "బ్రదర్, ఫోటోషాప్ బదులు ఫ్రీగా దొరికేది ఏదైనా ఉంటే చెప్పండి." మంచి ప్రశ్నే. జవాబు కూడా ఉంది, ఈ వ్యాసంలో చెబుతాను. అయితే ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న దాగి ఉంది. దాన్ని మనం కలిసి ఆలోచించాలని నా కోరిక. ఒకరి కష్టం మనకు ఊరికే దొరికినప్పుడు, వాళ్లకు మనం ఏమైనా బాకీ ఉంటామా?

అద్దెకు తెచ్చుకున్న పనిముట్లు

ముందు పరిస్థితి ఏమిటో చూద్దాం. ఒకప్పుడు డిజైన్ సాఫ్ట్‌వేర్ కుట్టు మిషన్ లాంటిది. ఒకసారి డబ్బు పోసి కొంటే పాడయ్యేవరకు మనదే. 2013లో అడోబీ కంపెనీ ఆ పద్ధతి మార్చింది. ఇకపై కొత్త వెర్షన్లు క్రియేటివ్ క్లౌడ్ చందాదారులకు మాత్రమే అని ప్రకటించింది. ఇప్పుడు అమెరికాలో ఒక్క యాప్‌కు నెలకు 20 డాలర్లకు పైగా, అన్ని యాప్‌లూ కావాలంటే 50 డాలర్లకు పైగా కట్టాలి. ఆదివారం మధ్యాహ్నం వేరే చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆరాధించుకునే ముప్పై కుటుంబాల ఫెలోషిప్‌కు ఇది చిన్న ఖర్చు కాదు.

చందా పద్ధతి పాపమని నేను అనడం లేదు. పనివాడు తన జీతానికి పాత్రుడు. వందలమంది ఇంజనీర్లు పనిచేసి తయారుచేసిన వస్తువుకు వెల అడగడం న్యాయమే. డిజైన్ మీదే బతికే సోదరులు ఆ డబ్బు కట్టి వాడుకుంటున్నారు, వాళ్లకు అది గిట్టుబాటు అవుతుంది.

కానీ సంఘానికి ఇంకో చిక్కు ఉంది. మనం ఒకచోట ఉండిపోయే జనం కాదు. ప్రాజెక్టు మారితే ఊరు మారతాం. గల్ఫ్‌లో కాంట్రాక్టు అయిపోతే ఇంటికి వెళ్లిపోతాం. ఫ్లయర్లు చేసే తమ్ముడు వేరే రాష్ట్రానికి వెళ్లిన రోజున, అయిదేళ్ల బ్యానర్లు, పాటల స్లైడ్లు, సంఘం లోగో అసలు ఫైలు, అన్నీ అతని సొంత అకౌంటులో ఉండిపోతాయి. ఫైలు చేతికి వచ్చినా, తెరవడానికి మళ్లీ చందా కట్టాలి. సంఘం ఆస్తికి తాళం వేరేవాళ్ల దగ్గర ఉన్నట్టు.

"కాపీ చేస్తే వాళ్లకు తగ్గేదేముంది?"

మూడో జవాబు దగ్గర కాస్త ఆగుదాం. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు చెప్పే వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. "ఎవరి ఆవునో తోలుకుపోతే వాళ్లింట్లో పాలుండవు. సాఫ్ట్‌వేర్ కాపీ చేస్తే అసలుది అక్కడే ఉంటుంది. ఎవరికి నష్టం? పైగా మేము చేసేది దేవుని పని. సంఘం దగ్గర డబ్బు లేదు."

ఇందులో కొంత నిజం ఉంది. కాపీ చేయడం ఆవును తోలుకుపోవడం లాంటిది కాదు. ఊళ్లో చిన్న డీటీపీ షాపు పెట్టుకుని పెళ్లి శుభలేఖలు వేసుకునే మనిషికీ, డాలర్లలోనో దిర్హాముల్లోనో జీతం తీసుకునే మనకూ ఒకే కొలత పెట్టలేం కూడా. అతని మీద తీర్పు చెప్పడానికి నేనెవర్ని?

అయినా మన సంగతికి వస్తే ఆ వాదన నిలబడదు. మొదటిది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "అంగీకరిస్తున్నాను" అన్న బటన్ నొక్కింది మనమే. అది చిన్న బటనే కావచ్చు, కానీ మాట మాటే. మాట ఇస్తే ఒట్టు అక్కర్లేకుండా నిలబెట్టుకోవాలని కొండమీద ప్రసంగంలో నేర్చుకున్నవాళ్లం మనం. రెండోది, ఆ ఫ్లయర్ మీద మనం వేసేది సత్యాన్ని గురించిన మాట. దాన్ని అబద్ధంతో సంపాదించిన పనిముట్టుతో అచ్చువేస్తే చూసేవాళ్లకు తెలియకపోవచ్చు, చేసేవాళ్లకు తెలుసు. ముఖ్యంగా దాన్ని చేస్తున్న పదిహేడేళ్ల పిల్లవాడికి తెలుసు. సండేస్కూల్లో నేర్చుకున్నది ఒకటి, మీడియా టీములో నేర్చుకుంటున్నది ఇంకొకటి.

మూడోది అన్నింటికన్నా సూటిగా ఉంటుంది. "వేరే దారి లేదు" అన్న మాట ఇప్పుడు నిజం కాదు. దారి ఉంది. చాలా ఏళ్లుగా ఉంది.

ఆఫీసు ల్యాప్‌టాప్ సంగతి కూడా దీనికి దగ్గరిదే. కొన్ని కంపెనీలు సొంత పనులకు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. మీ మేనేజర్‌ను అడగడానికి మొహమాటంగా ఉందంటే, జవాబు మీకు ముందే తెలుసన్నమాట.

ఉచితం ఒకటి, స్వేచ్ఛ ఒకటి

ఇప్పుడు ఆ దారి గురించి. ఇంగ్లీషులో "ఫ్రీ" అన్న ఒక్క మాటకు రెండు అర్థాలు ఉండటం వల్ల చాలా గందరగోళం జరిగింది. మన తెలుగులో ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. తెలుగు నేల మీద ఈ ఉద్యమంలో పనిచేసే ఒక సంస్థ తన పేరే "స్వేచ్ఛ" అని పెట్టుకుంది.

కంపెనీ ఇచ్చే ఉచిత యాప్ ఉచితమే కానీ, రేపు వద్దనుకుంటే వాళ్లు మానేయవచ్చు, వెల పెట్టవచ్చు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అలా కాదు. దాని మూల కోడ్ అందరి ముందు ఉంటుంది. ఎవరైనా వాడుకోవచ్చు, చదవవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్లకు ఇవ్వవచ్చు. ఒకసారి ఇచ్చిన ఆ హక్కును మళ్లీ వెనక్కి లాక్కోలేరు.

మన పనులకు కావలసినవి ఇవి. ఫోటోలు సరిదిద్దడానికి గింప్. 1995లో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు దాన్ని మొదలుపెట్టారు. లోగోలు, ఫ్లయర్లు, బ్యానర్లకు ఇంక్‌స్కేప్. ఇది 2003లో మొదలైంది, ఇల్లస్ట్రేటర్ చేసే పనిలో చాలా భాగం చేస్తుంది. వార్షికోత్సవ సంచికలు, పాటల పుస్తకాలు పేజీలుగా కట్టడానికి స్క్రైబస్. బొమ్మలు గీసే పిల్లలకు క్రీటా. పాటలు, వాక్యాలు తెర మీద చూపించడానికి ఓపెన్‌ఎల్‌పీ. ఆరాధన లైవ్ పెట్టడానికి ఓబీఎస్. కోవిడ్ రోజుల్లో మీ సంఘం ఆరాధన మీ ఇంటికి వచ్చిందంటే, మధ్యలో ఓబీఎస్ ఉండే అవకాశం చాలా ఎక్కువ.

లోపాలు కూడా చెప్పాలి. గింప్ ఫోటోషాప్ కాదు. మెనూలు వేరు, అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. 2018లో 2.10 వెర్షన్ వచ్చాక 3.0 రావడానికి 2025 మార్చి దాకా పట్టింది, ఎందుకంటే పనిచేసే చేతులు తక్కువ. ప్రెస్‌కు పంపే సీఎంవైకే రంగుల విషయంలో గింప్ ఇంకా బలహీనమే, ఆ పని స్క్రైబస్‌లో చేసుకోవాలి. ప్రొఫెషనల్ స్టూడియోకు ఇవి చాలకపోవచ్చు. మన ఉపవాస కూటం ఫ్లయర్‌కు మాత్రం చాలు, ఇంకా మిగులుతుంది.

త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ కథ మీరు తప్పక తెలుసుకోవాలి. దాన్ని తయారుచేసిన డచ్ దేశస్థుడు టోన్ రోసెండాల్ కంపెనీ 2002లో మూతపడింది. సాఫ్ట్‌వేర్ హక్కులు పెట్టుబడిదారుల చేతిలో ఉండిపోయాయి. లక్ష యూరోలు ఇస్తే కోడ్‌ను విడిచిపెడతామని వాళ్లు ఒప్పుకున్నారు. ఆయన ప్రపంచమంతటా ఉన్న వాడకందారులను అడిగాడు. ఏడు వారాల్లో ఆ డబ్బు వచ్చింది. 2002 అక్టోబర్ 13న బ్లెండర్ అందరికీ విడుదలైంది. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలుచుకున్న లాట్వియా సినిమా "ఫ్లో" బ్లెండర్‌తోనే తయారైంది.

ఈ కథలో గమనించండి. ఈ రోజు మనం ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునే బ్లెండర్‌కు వెల లేదని కాదు. వెల ఉంది. మనకంటే ముందు వేరేవాళ్లు చెల్లించారు. ఇంకొకరు వెల చెల్లించగా విడుదల పొందడం అంటే ఏమిటో మనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

దావీదు కొన్న కళ్లం

ఇక్కడ సమూయేలు రెండో గ్రంథం చివరి అధ్యాయం గుర్తుచేసుకుందాం. బలిపీఠం కట్టడానికి దావీదు రాజు అరౌనా కళ్లానికి వెళతాడు. అరౌనా సంతోషంగా స్థలం, ఎడ్లు, కట్టెలు అన్నీ ఊరికే తీసుకోమంటాడు. దావీదు ఒప్పుకోడు. తనకు ఏ ఖర్చూ కాని దాన్ని దేవునికి అర్పించలేనని చెప్పి, 50 తులాల వెండి తూచి ఇచ్చి కొంటాడు.

ఈ భాగం చదివి ఒక సహోదరుడు అడగవచ్చు: "అయితే సంఘం ఉచితమైనవి వాడనే కూడదా? డబ్బు పెట్టి కొన్నదే వాడాలా?" అలా అనుకుంటే లేఖనాల్లోనే మనకు అడ్డు వస్తుంది. ప్రభువు యెరూషలేములోకి వచ్చింది ఎరువు తెచ్చిన గాడిద మీద. పస్కా విందు జరిగింది వేరేవాళ్ల మేడగదిలో. ఆయన్ని ఉంచింది వేరేవాడి సమాధిలో. ప్రేమతో ఇచ్చినదాన్ని తీసుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు.

కాబట్టి దావీదు నేర్పే పాఠం ఇంకొంచెం లోతుగా ఉంది. ఎదుటివాడు ఇవ్వడం తప్పు కాదు, నేను తీసుకోవడమూ తప్పు కాదు. కానీ నా అర్పణలో ఖర్చు అంతా ఎదుటివాడిదే అయి, నాది ఏమీ లేకపోతే, అది నా అర్పణ ఎలా అవుతుంది?

ఈ కొలతతో మన జవాబులను మళ్లీ తూచి చూడండి. క్రాక్ కాపీ వాడితే, ఇష్టం లేనివాడి చేత ఖర్చు పెట్టించి, నా పేరున కానుక వేసినట్టు. చందా కడితే నా ఖర్చు నేను పెట్టుకున్నట్టు. ఓపెన్ సోర్స్ డౌన్‌లోడ్ చేసుకుని, "హమ్మయ్య, ఫ్రీ" అని మర్చిపోతే? అది దొంగతనం కాదు. ఇచ్చినవాడు ఇష్టపడే ఇచ్చాడు. కానీ దావీదు ప్రశ్న ఇంకా అలాగే ఉంటుంది. నాది ఏముంది ఇందులో?

మనం రూతులమా, బోయజులమా?

పొలం కోసేటప్పుడు అంచులు వదిలేయాలని, రాలిన పరిగెను బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని ధర్మశాస్త్రం చెప్పింది. రూతు అలా పరిగె ఏరుకునే బోయజు పొలంలోకి వచ్చింది. ఆమె ఏరుకోవడంలో తప్పేమీ లేదు, అది ఆమె హక్కు. ఓపెన్ సోర్స్ ఇలాంటి పరిగె లాంటిదేనని చాలామంది అనుకుంటారు. కొంతమందికి నిజంగా అంతే. నెల్లూరు జిల్లాలో ఒక పల్లె సంఘం పాస్టరుగారి కొడుకు పాత కంప్యూటర్‌లో గింప్ పెట్టుకుని కరపత్రం చేసుకుంటే, దేవుడు అతన్ని దీవించుగాక. అతను ఎవరికీ ఏమీ బాకీ లేడు.

మన సంగతి వేరు. మనం పరదేశులమే, కానీ బీదలం కాదు. నా ఉద్యోగమే తీసుకోండి. నేను పనిచేసే సర్వర్లు లినక్స్ మీద నడుస్తాయి. నేను రాసే కోడ్ కింద ఎవరో ఊరికే రాసి ఇచ్చిన వందల లైబ్రరీలు ఉన్నాయి. నా ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, నా దశమభాగం, అన్నీ ఎవరో ఇచ్చిన బహుమానం మీద నడుస్తున్నాయి. ఇది చదువుతున్న మీలో చాలామంది పరిస్థితి కూడా ఇదే. మనం బోయజు స్థానంలో నిలబడి రూతు లాగా పరిగె ఏరుకుంటున్నాం.

ఇచ్చేవాళ్లు అలసిపోతే ఏమవుతుందో కూడా మా రంగం చూసింది. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. ఇంటర్నెట్ మీద మన పాస్‌వర్డ్‌లను, బ్యాంకు లావాదేవీలను కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ లోపం ఉంది. అప్పుడు విచారిస్తే, సగం ప్రపంచం ఆధారపడిన ఆ ప్రాజెక్టుకు విరాళాలు ఏడాదికి సుమారు 2,000 డాలర్లు మాత్రమే వస్తున్నాయని తెలిసింది. 2024 మార్చిలో ఇంకో సంగతి. ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ను ఒకే మనిషి జీతం లేకుండా ఏళ్ల తరబడి చూసుకుంటున్నాడు. పని ఆలస్యమవుతోందని జనం విసుక్కున్నారు. అలసిపోయిన ఆయనకు సాయం చేస్తానని ఒక ముసుగు మనిషి వచ్చి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, చివరకు అందులో దొంగ తలుపు పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు లాగిన్ అరసెకను ఆలస్యమవడం గమనించి పట్టుకోకపోతే ఎంత నష్టం జరిగేదో.

ఆ ఒంటరి మనిషికి కావలసినప్పుడు ఎవరూ తోడు రాలేదు. వచ్చినవాడు దొంగ. అందరూ ఊరికే తీసుకుని, ఎవరూ తిరిగి చూడకపోతే జరిగేది ఇదే.

మన అక్షరాల వెనక ఉన్న చేతులు

"ఇవన్నీ పెద్ద పెద్ద విషయాలు, మన తెలుగు ఫ్లయర్‌కూ వీటికీ ఏం సంబంధం" అనుకోకండి. చాలా దగ్గర సంబంధం ఉంది.

2000 సంవత్సరం అటూ ఇటూగా మన ఊళ్లలో డీటీపీ సెంటర్‌కు వెళ్లినవాళ్లకు పేజ్‌మేకర్, అను ఫాంట్లు గుర్తుండే ఉంటాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, తరువాత ఆగిపోయింది. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఆ రోజుల్లో చేసిన సంఘ చరిత్ర ఫైలో, పాటల పుస్తకం ఫైలో ఈ రోజు మామూలు కంప్యూటర్‌లో తెరిస్తే, తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. అచ్చయిన పుస్తకం మిగిలింది కానీ ఫైలు మూగబోయింది. ఫోటోషాప్ పాత వెర్షన్లలో యూనికోడ్ తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడేవి.

ఇప్పుడు మీ ఆండ్రాయిడ్ ఫోన్లో "స్తోత్రం" అన్న మాట సరిగా కనిపిస్తోంది. కంప్యూటర్ లోపల అది 8 విడివిడి సంకేతాలు. వాటిని చూసి, ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, ఏ దీర్ఘం ఎక్కడ తగలాలో లెక్కపెట్టి చూపించేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అన్నీ దానిమీదే ఆధారపడ్డాయి. ఇప్పటి ఫోటోషాప్ కూడా దాన్నే వాడుకుంటోంది. మనం డబ్బు కట్టి తెచ్చుకున్నదానిలో కూడా ఎవరిదో బహుమానం ఉంది. స్క్రైబస్‌లో ఇలాంటి క్లిష్టమైన లిపులు సరిగా పడేలా పని చేసినవాళ్లు ఒమన్ దేశపు ప్రోగ్రామర్లు. వాళ్లు తమ అరబీ కోసం పూనుకున్నారు, ఆ పని మన తెలుగుకూ కలిసివచ్చింది. మస్కట్‌లో ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి తెలిస్తే సంతోషిస్తారు.

ఫాంట్ల సంగతి కూడా ఇంతే. మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న లాంటి తెలుగు ఫాంట్లు సిలికానాంధ్ర ద్వారా అందరికీ ఉచితంగా వచ్చాయి. వాటిని ఇచ్చింది ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద. ఆ లైసెన్సును రాసింది ఎస్ఐఎల్ అనే సంస్థ. 1934లో మొదలై, లోకంలోని చిన్న చిన్న భాషలను అధ్యయనం చేస్తూ బైబిలు అనువాదానికి తోడ్పడిన క్రైస్తవ సంస్థ అది. తమ భాషలో వాక్యం లేని జనానికి ముందు అక్షరాలు కావాలి, ఆ అక్షరాలకు వెల ఉండకూడదు అన్న ఆలోచన నుంచి పుట్టిన లైసెన్సు, ఈ రోజు మన ఫ్లయర్ మీది తెలుగును మోస్తోంది.

మన మధ్యే ఉన్న ఉచిత చేతులు

ఇంతవరకు దూరాన ఉన్న ప్రోగ్రామర్ల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు దగ్గరకు రండి.

శనివారం రాత్రి పదకొండు గంటలకు మీ గ్రూపులో "బ్రదర్, చిన్న ఫ్లయర్, రేపు పొద్దున్నకు" అని మెసేజ్ పెట్టేది ఎవరికి? ఆ తమ్ముడికి లేదా ఆ చెల్లికి. వాళ్లూ ఓపెన్ సోర్స్ ప్రోగ్రామర్ లాంటివాళ్లే. ఇష్టపడి ఇస్తున్నారు, జీతం లేదు. మనం వాడుకుంటాం, "ఫాంట్ ఇంకొంచెం పెద్దది చేస్తే బాగుండు" అంటాం, తారీఖు తప్పుపడితే మాత్రం వెంటనే పేరు గుర్తొస్తుంది. ఎక్స్‌జెడ్ మనిషి చుట్టూ ఉన్న జనం చేసింది కూడా సరిగ్గా ఇదే.

సంఘంలో ఉచితంగా పనిచేసే చేతుల విలువ తెలియనివాళ్లకు, కోడ్ ఉచితంగా ఇచ్చే చేతుల విలువ ఎప్పటికీ తెలియదు. ఈ రెండూ ఒకే గుణం. కృతజ్ఞత మనం పాటల్లో నేర్చుకున్నంత తేలికగా పనిలో నేర్చుకోం. ప్రత్యక్ష గుడారం కట్టేటప్పుడు దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచాడని నిర్గమకాండంలో ఉంది. చేతిపని చేసేవాడి పేరు దేవుడు గ్రంథంలో రాయించాడు. మన వార్షిక నివేదికలో మీడియా టీము పేర్లు ఉన్నాయా?

మరి ఏం చేద్దాం?

ఒకేసారి అన్నీ మార్చమని నేను అడగను. సాధ్యమైన కొన్ని పనులు చెబుతాను.

మొదట, మీ మీడియా టీముతో ఒకసారి కూర్చుని ఏది ఏ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నారో నెమ్మదిగా అడగండి. తీర్పు తీర్చడానికి వద్దు, సాయం చేయడానికి అడగండి. ఎవరైనా జేబులోంచి కడుతుంటే ఆ భారం సంఘం పంచుకోవాలి. చందా నిజంగా అవసరమైతే ట్రెజరర్ బడ్జెట్‌లో పెట్టాలి. క్రాక్ కాపీ ఉంటే తీసేయమని చెప్పి, బదులు ఏమి వాడాలో దగ్గరుండి చూపించాలి. "తీసేయండి" అని మాత్రం చెప్పి వెళ్లిపోతే, ఖర్చు మళ్లీ ఆ పిల్లల మీదే వేసినట్టు.

రెండోది, ఒక్క పనితో మొదలుపెట్టండి. వచ్చే వీబీఎస్ బ్యానర్ ఇంక్‌స్కేప్‌లో, మండలి ఫాంటుతో చేయండి. ఫైలు ఎస్‌వీజీ రూపంలో సంఘం సొంత ఫోల్డర్‌లో దాచండి. అది ఎవరైనా తెరవగలిగే ప్రమాణం. పదేళ్ల తరువాత, ఇప్పుడు స్ట్రోలర్‌లో ఉన్న పాప ఆ బ్యానర్‌ను సరిదిద్దాలనుకుంటే, ఎవరి అనుమతీ అడగకుండా తెరవగలగాలి. గృహనిర్వాహకత్వం అంటే డబ్బు లెక్క మాత్రమే కాదు.

మూడోది, దావీదు ప్రశ్నకు జవాబు. వాడుకున్నదానికి మీదైనది ఏదో ఒకటి తిరిగి ఇవ్వండి. చందా మానేయడం వల్ల మిగిలిన డబ్బులో పదో వంతు ఏడాదికోసారి ఆ ప్రాజెక్టుకు పంపమని సంఘానికి ప్రతిపాదించండి. డబ్బు కుదరకపోతే సమయం ఇవ్వండి. ఈ సాఫ్ట్‌వేర్లలో తెలుగు అనువాదాలు చాలాచోట్ల అసంపూర్తిగా ఉన్నాయి. తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చిన పిల్లలు, తెలుగు బాగా వచ్చిన అమ్మమ్మలు కలిసి కూర్చుని చేయగలిగిన పని అది. ఒక ఒత్తు తప్పుగా పడితే, తిట్టుకుని ఊరుకోకుండా, ఆ ప్రాజెక్టుకు స్క్రీన్‌షాట్‌తో సహా తెలియజేయండి. జర్మనీలోనో జపాన్‌లోనో కూర్చున్న ప్రోగ్రామర్‌కు "క్ష్మి" ఎలా ఉండాలో తెలియదు. మీకు తెలుసు. మీరు తప్ప ఆ కానుక ఇవ్వగలిగేవాళ్లు ఎక్కువమంది లేరు.

నాలుగోది, ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాల దగ్గర, ఫ్లయర్లు చేసే ఆ తమ్ముణ్నో చెల్లినో వెతికి పట్టుకోండి. థాంక్స్ చెప్పండి. వచ్చే ఫ్లయర్ వివరాలు బుధవారానికే ఇస్తామని మాట ఇవ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి.

బాకీ అన్న మాట వినగానే మనకు భారంగా అనిపిస్తుంది. కానీ అన్ని బాకీలూ ఒకటి కావు. అప్పు తీర్చేస్తే అప్పిచ్చినవాడితో సంబంధం తెగిపోతుంది. బహుమానానికి ఉన్న బాకీ అలా తీరేది కాదు, ఇంకొకరికి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడే అది తీరడం మొదలవుతుంది. ఊరికే పొందినవాళ్లం ఊరికే ఇవ్వగలిగే మనసు ప్రభువు మనందరికీ దయచేయును గాక.